రాక్షస స్నానం

“భోజనం అయిందా?” అని ఎవర్నైనా అడగొచ్చు. బస్సులో పక్క సీటాయన్ని అడిగినా ఏమీ అనుకోడు, పైగా తిరిగి మనల్నీ అడుగుతాడు. “స్నానం అయిందా?” అని మాత్రం ఇంట్లోవాళ్ళే అడగాలి. అదే మాట ఆఫీసులో అంటే ఆ మర్నాటి నుంచి పలకరింపులు బంద్. అమ్మ అడిగితే దాని వెనక టిఫిను ఉంటుంది, నాయనమ్మ అడిగితే దేవుడి గది ఉంటుంది, నాన్న అడిగితే చదువుతున్న పేపరు మడిచి మరీ పెట్టే చీవాట్లుంటాయి. ఎవరు అడిగినా షరతు ఒక్కటే. పొద్దున్నే అయిపోయి ఉండాలి.

పొద్దున్నే అంటే ఎంత పొద్దున్నే? దీనికి పెద్దవాళ్ళ దగ్గర ఓ పట్టిక ఉంది. చీకటుండగానే చేస్తే ఋషి స్నానం. తెలతెలవారుతుండగా చేస్తే దేవ స్నానం. కాస్త పొద్దెక్కాక మానవ స్నానం. ఆ తరవాత ఎప్పుడు చేసినా రాక్షస స్నానమే. చెప్పేవాళ్ళను బట్టి గంటలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి గానీ, రాక్షసులు మాత్రం ఎప్పుడూ ఆఖరి గడిలోనే ఉంటారు. ఈ లెక్కన ఆదివారం నాడు హైదరాబాదు మొత్తం గాలించినా మానవులు దొరకడం కష్టం.

ఎన్నిసార్లు అనే లెక్క ఇంకా పెద్దది. రోజుకొకటి ఎలాగూ ఉంది. క్షవరం చేయించుకొచ్చినవాడు ఏదీ ముట్టుకోకుండా పెరటి దారిన వచ్చి నేరుగా నూతి దగ్గరికే నడవాలి. శవాన్ని సాగనంపి వస్తే గడప తొక్కేముందే నీళ్ళు పోసుకోవాలి. గ్రహణానికి రెండు, పట్టు స్నానం, విడుపు స్నానం. కార్తీకంలోనూ మాఘంలోనూ తెల్లవారుజామున నదికి పోవాలి. పన్నెండేళ్ళకోసారి పుష్కరాలు. గోదావరికి 2015లో, కృష్ణకి 2016లో వచ్చి వెళ్ళాయి. చూడబోతే వీటిలో ఏదీ మురికి వదిలించుకోడానికి పెట్టింది కాదు. మురికి సంగతి చూసేది తలంటు ఒక్కటే.

తలంటు ఆడవాళ్ళకి శుక్రవారం, మగవాళ్ళకి శనివారం అని మా వైపు వాడుక. బడి సెలవు చూసుకుని పిల్లలది ఆదివారానికి జరిగింది. కుంకుడుకాయల్ని బండ మీద పెట్టి రాతితో చితక్కొట్టి, నల్లటి గింజలు ఏరి పక్కన పడేసి, పెచ్చుల్ని వేణ్ణీళ్ళలో నానబెట్టేవారు. గింజలు పిల్లల గోళీలాటకి పోయేవి. మాడు మీద నూనె చరిచి, ఒంటికి నలుగు పెట్టి, నానిన పెచ్చుల్ని పిసికి ఆ రసం నెత్తిన పోసేసరికి కళ్ళు భగ్గుమనేవి. మండుతోందని కేకలు పెడితే నోట్లో ఓ ఉప్పుకల్లు పడేసేవారు. కంటి మంటకి నోట్లో ఉప్పేమిటని అప్పుడు అడగడం తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. ఉప్పు చప్పరించాలంటే నోరు మూసుకోవాలి, నోరు మూసుకుంటే కేకలాగుతాయి. వైద్యం కంటికి కాదు, చుట్టుపక్కలవాళ్ళ చెవులకి.

ఇంత ముచ్చట ఉన్న పట్టికలో ఒక గడి మాత్రం లేదు. సాయంత్రం ఆరు గంటలది.

మిరపచేలో రోజంతా కాయ కోసి వచ్చినవాళ్ళ ఒళ్ళు ఎలా భగభగలాడుతుందో, తారు రోడ్డు పనిలో ఉన్నవాళ్ళ చేతులు ఏ రంగులో ఉంటాయో ఆ పట్టిక రాసినవారికి తెలియదనుకోవాలి. నాట్లకి పోయే మనిషిని పొద్దున్నే స్నానం చేసి పొమ్మంటే నవ్వుతుంది. బురదలో దిగేదానికి తానమెందుకంటుంది. పొద్దుగూకాక ఇంటికొచ్చి, నాలుగు పుల్లలు ఎగదోసి, కాగిన నీళ్ళు గుమ్మరించుకుంటే గానీ ఆవిడకి అన్నం సహించదు. పని మొదలుపెట్టే ముందు చేసే స్నానం ఎదుటివాళ్ళ కోసం, దేవుడి కోసం, ఆఫీసరు కోసం. పని ముగిశాక చేసేది మాత్రం అచ్చంగా మన ఒంటి కోసం. చెమట పట్టని పనులున్నవాళ్ళు తమ స్నానానికి ఋషుల పేరు పెట్టుకున్నారు, చెమట పట్టేవాళ్ళ వాటాకి రాక్షసుల పేరు మిగిలింది.

ఈ సంగతి శాస్త్రాల కంటే చట్టానికి ముందు తట్టింది. బొగ్గు గనుల యజమానులు గని ముఖద్వారం దగ్గరే కార్మికులకు స్నానాల గదులు కట్టించాలని 1959లో నిబంధనలు వచ్చాయి. పిట్‌హెడ్ బాత్ రూల్స్ అంటారు వాటిని. కొత్తగూడెం, గోదావరిఖని వైపు బొగ్గుబాయి అంటే మూడు షిఫ్టులు. ఏ షిఫ్టువాడు పైకొచ్చినా కళ్ళు, పళ్ళు తప్ప అంతా నలుపే. రాత్రి షిఫ్టు దిగినవాడికి తెల్లవారి స్నానం పని ముగింపు. అదే వేళకి పూజారి చేసే స్నానం పనికి మొదలు.

పల్లెల్లో ఆడవాళ్ళకి ఇంకో గడియారం ఉండేది. స్నానాలగది లేని ఇంట్లో, దొడ్లో తడిక చాటో, నులకమంచం నిలబెట్టి దాని మీద కప్పిన చీర చాటో ఉంటే, నీళ్ళు పోసుకునే వేళని చీకటే నిర్ణయిస్తుంది. కోడి కూయకముందు, లేదా ఊరు సద్దుమణిగాక. నాలుగింటికే లేచి తలారా పోసుకునే ఇల్లాలిని చూసి ఎంత నిష్ఠ అని మెచ్చుకున్నవాళ్ళలో, తలుపున్న గది ఉంటే ఆవిడ ఆరింటిదాకా పడుకునేదేమో అని ఆలోచించినవాళ్ళు తక్కువ.

ఆ పైన నీళ్ళు. ఇంజినీరింగ్ పుస్తకాలు పట్నవాసికి రోజుకి 135 లీటర్లు లెక్కగట్టి, అందులో స్నానానికే 55 లీటర్లు కేటాయిస్తాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజు మొత్తానికి ఇవ్వాలనుకున్నది కూడా 55 లీటర్లే. తాగడం, వండడం, తోమడం, ఉతకడం అన్నీ అందులోనే. పట్నవాసి ఒంటి మీద పోసుకునేదాంతో పల్లెవాసి రోజంతా గడపాలన్నమాట. పట్నంలోనూ అందరూ ఒకటి కాదు. రోజు మార్చి రోజు నల్లా వచ్చే బస్తీలో, వచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ తలస్నానాలు, రాని రోజు కాకి స్నానాలు. నడివేసవి మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకు నుంచి సలసల కాగిన నీళ్ళొస్తాయి. చల్లటి నీళ్ళు కావాలంటే రాత్రే బకెట్లు నింపి పెట్టుకోవాలి. రామగుండం, రెంటచింతల ఎండల్లో పూటకో స్నానం చేసినా ఎవరూ విలాసమనరు. లంబసింగి చలిలో రెండు రోజులు ఎగ్గొట్టినా ఎవరూ పట్టించుకోరు.

సాయంత్రం స్నానానికి ఈమధ్య చదువుకున్నవాళ్ళ మద్దతు కూడా దొరికింది. టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత అధ్యయనాలు ఎన్నో కలిపి చూసి 2019లో ఒక మాట చెప్పారు. పడుకోబోయే గంట, రెండు గంటల ముందు 40 డిగ్రీలకు కాస్త పైనున్న వేణ్ణీళ్ళతో స్నానం చేస్తే నిద్ర తొందరగా పడుతుందట. వేడికి రక్తం అరచేతులకీ అరికాళ్ళకీ చేరి, లోపలి వేడి బయటికి పోయి, ఒళ్ళు చల్లబడుతుంది. ఒళ్ళు చల్లబడడమే నిద్రకి పిలుపు. నాట్లేసి వచ్చిన మనిషికి ఇది చెబితే ఈసారి కూడా నవ్వుతుంది.

మా అపార్ట్‌మెంటులో ఓ రిటైర్డు మాస్టారున్నారు. పదవీ విరమణ చేసినా ఐదింటి స్నానం మానలేదు. ఆయన కొడుకు అమెరికా వేళల ప్రకారం రాత్రంతా కంప్యూటరు ముందుంటాడు. సరిగ్గా ఆ ఐదింటికే పని ముగించి, నీళ్ళు పోసుకుని, కర్టెన్లు లాగి పడుకుంటాడు. ఉన్న ఒక్క గీజరు కోసం తెల్లవారుజామున తండ్రీకొడుకుల మధ్య రోజూ పోటీయే. మాస్టారు మాత్రం లిఫ్టులో కనబడ్డవాళ్ళందరికీ మావాడు ఇప్పటికీ బ్రాహ్మీ ముహూర్తంలోనే స్నానం చేస్తాడండీ అని గర్వంగా చెప్పుకుంటారు. ఆ తరవాత మధ్యాహ్నం రెండు దాకా లేవడన్న సంగతి లిఫ్టు దిగేలోపు రాదు.