బాణీ లేని పాటలు

పని మారినప్పుడల్లా మనిషి దారి తప్పాడంటారు మనవాళ్ళు. అలా అన్నప్పుడల్లా నాకు అమెరికా జానపద గాయకుడు వుడీ గత్రీ గుర్తొస్తాడు. 1912లో ఓక్లహోమాలో పుట్టాడు. దుమ్ము తుఫాన్లు పొలాలను మింగేస్తున్న రోజుల్లో దుకాణాలకు బోర్డులు రాసి పొట్ట పోసుకుంటూ కాలిఫోర్నియా చేరాడు. 1941లో కొలంబియా నది ఆనకట్టల మీద పాటలు కట్టమని ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఒక నెలకు పనిలో పెట్టుకుంటే, 26 పాటలు రాశాడు. జీతానికి రాసిన పాటలో జీవం ఉండదన్న మాట నేనొప్పుకోను. కాంక్రీటు పోసే కూలీలను దగ్గరగా చూసినవాడికి జీవం ఎలా కొరవడుతుంది?

యుద్ధకాలంలో సరుకుల ఓడల్లో వంటశాల పని చేశాడు. ఎక్కిన ఓడ టార్పెడో దెబ్బ తింది. అక్కడా గిటారు వదల్లేదు. బొమ్మలు వేశాడు, ఆత్మకథ రాశాడు. వీటిలో ఏది కళ, ఏది కూలిపని అని విడదీయాలని నాకు లేదు.

హంటింగ్టన్ అనే నరాల వ్యాధితో ఆయన చేతులు స్వాధీనం తప్పాయి. 1967లో పోయాడు. బాణీ తెలియని పాటలు వెయ్యికి పైగా మిగిలాయి. కూతురు నోరా కోరితే గాయకుడు బిల్లీ బ్రాగ్, విల్కో సంగీత బృందం కొన్నిటికి వరసలు కట్టి 1998లో ఆల్బమ్ తెచ్చారు. మిగతావాటికీ ఎవరో ఒకరు పూనుకోవాలి.