నాగా లేని ఖాతా

ఏమండోయ్, పొయ్యి మీద ఏమన్నా ఉందా? లేకపోతే ఇలా గోడ దగ్గరికి రండి. గోంగూర వలుచుకుంటున్నాను, నోరు ఊరుకుంటే నాకు చెయ్యి సాగదు. నిన్న సాయంత్రం మావారు గట్టిగా అరిచింది మీకు వినపడే ఉంటుంది. వినపడలేదనకండి, మీ టీవీ చప్పుడు ఠక్కున తగ్గడం నాకు తెలిసింది.

దెబ్బలాట కాదండీ. తారీకు గొడవ.

సంక్రాంతికి వచ్చిన మా చిన్నాడు నెలాఖరుదాకా ఇక్కడే ఉండి, పెరట్లో కొబ్బరిచెట్టు కింద కుర్చీ వేసుకుని బెంగళూరు ఆఫీసు పని చేసుకున్నాడు కదా. కాయ నెత్తిన పడుతుందిరా అంటే వింటేనా. సరే, వెళ్ళేరోజు, అంటే జనవరి 31న, నా ఫోన్లో ఫోటోలు దాచుకోడానికి నెలనెలా కట్టే చందా ఒకటి పెట్టిపోయాడు. యూపీఐ ఆటోపే అట. మనం వేలు కదపక్కర్లేదు, దానంతటదే లాక్కుంటుంది. ఫోను నాది, ఖాతా ఆయనది. ఆయన వెంటనే మేకుకి వేలాడే నోటుపుస్తకం తీసి ‘ప్రతి నెలా 31’ అని రాసేసుకున్నారు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు రాయాల్సిన మాటేనా అది? ఫిబ్రవరిలో 31 ఎక్కణ్ణుంచి తెస్తారండీ!

ఫిబ్రవరి 28నే డబ్బు పోయింది. ‘మూడ్రోజులు ముందే లాగేశాడు’ అని ఒకటే సణుగుడు. 31 కొట్టేసి 28 వేశారు. మార్చిలో 28 వచ్చింది, ఎవరూ అడగలేదు. మనల్ని మర్చిపోయారనుకుని, ఆ సంబరంలో మార్కెట్టుకెళ్ళి పనసపొట్టు కొట్టించుకొచ్చారు. మీకూ గిన్నెడు పంపాను, ఆవ ఘాటెక్కిందన్నారు, గుర్తుందా? గిన్నె ఇంకా రాలేదు, అది వేరే సంగతి. 31న ఠంచనుగా లాక్కున్నారు. నిన్న ఏప్రిల్ 30. ఖాతాలో చిల్లరే మిగిలింది. చందా కట్టలేదు, మళ్ళీ ప్రయత్నిస్తాం అని మెసేజి. అప్పు ఎగ్గొట్టినవాడితో మాట్లాడినట్టు మాట్లాడతాడేవిటి అని, అదిగో, ఆ అరుపు.

చిన్నాడికి ఫోన్ చేస్తే నవ్వాడు. మనం చేరిన తారీకే గుంజట, చందా దూడట. ఆ తారీకు లేని నెలలో ఆఖరిరోజున ఆగుతుంది, ఉన్న నెలలో మళ్ళీ గుంజ దగ్గరికే వస్తుంది. కంపెనీల తరఫున ఇలా వసూళ్ళు చేసిపెట్టే స్ట్రైప్ అనే సంస్థ పద్ధతి ఇదేనట. కొన్ని మాత్రం ఒకసారి 28కి జారితే ఇక అక్కడే కాపురం పెడతాయి.

దేశాల తేడా ఇంకో తమాషా. చాలా కంపెనీలకి గ్రీనిచ్ గడియారమే గడియారం. అక్కడ అర్ధరాత్రి పన్నెండు కొడితే మనకి తెల్లవారుజామున అయిదున్నర. ఆ వేళకి డల్లాస్‌లో మా పెద్దమ్మాయి ముందురోజు సాయంత్రం వంట మొదలెడుతూ ఉంటుంది. చందా ఒకటే, మనకి ఒకటో తారీకు, అమ్మాయికి పాత నెల.

ఇంతకన్నా మా పిన్నిగారి ఫోను కథ నయం. ఆవిడ శుక్రవారం చేతిలోంచి పైసా కదపదు, లక్ష్మీదేవి వెళ్ళిపోతుందని. మనవడు మొదటిసారి 28 రోజుల రీఛార్జి శుక్రవారం చేయించాడు. 28 అంటే సరిగ్గా నాలుగు వారాలు, తిరిగి తిరిగి శుక్రవారమే వచ్చి కూర్చుంటుంది! రెండేళ్ళుగా గురువారం సాయంత్రమే కొట్టుకి పరుగు. పైగా 28 చొప్పున పోతే ఏడాదికి 12 కాదు, 13 కట్టాలి. పంచాంగంలో అధికమాసం రెండున్నర మూడేళ్ళకోసారి వస్తుంది, 2023లో శ్రావణం రెండుసార్లొచ్చింది చూడండి. ఫోన్లవాళ్ళకి ఏటా అధికమాసమే. అందుకే 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళు కలగజేసుకున్నారు. 30 రోజుల పథకం ఒకటైనా ఉంచాలి, ప్రతి నెలా ఒకే తారీకున వచ్చేదీ ఒకటి ఉంచాలి, ఆ తారీకు లేని నెలలో ఆఖరిరోజు అని రాసిపెట్టారు. పిన్నిగారికి చెప్పాను. ‘అలవాటైపోయిందే, గురువారం బాబా గుడికి కూడా అటే కదా’ అంది. ఏం చేస్తాం.

నాకు మింగుడుపడంది ఒకటుందండీ. పాలబ్బాయికి నెలంతా తాగాక కడతాం. ఊరెళితే నాగా, కేలండరు మీద సున్నా చుడతాం, ఆ డబ్బు తీసేస్తాడు. ఈ చందాలకి ముందే కట్టాలి, పదిరోజులు ఫోను ముట్టకపోయినా నాగా లేదు. మధ్యలో మానేస్తే మామూలుగా తిరిగివ్వరు, కట్టిన గడువుదాకా వాడుకోమంటారు. అంతే.

ఒక్కటి మేలు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు రూలొకటి ఉంది, లాక్కునేముందు 24 గంటలైనా ముందుగా చెప్పాలి. ఇలాంటి చందా 15,000 దాటితే ఓటీపీ లాంటిది కూడా అడగాలి. ఇంతకుముందు 5,000కే అడిగేవారు, 2022 జూన్‌లో పెంచారు. చెప్పడమైతే ప్రతి నెలా చెప్పారండీ, 29న నిన్నటిదానికీ మెసేజొచ్చింది. కళ్ళజోడు దేవుడి గదిలో పెట్టి హాలంతా వెతికే మనిషికి ఎన్ని గంటల ముందు చెప్పి ఏం లాభం?

ఇవాళ ఒకటి, పింఛను పడింది. మాస్టారు కుదుటపడ్డారు. చిన్నాడు ఉపాయం చెప్పాడు. ఇది రద్దు చేసి, మూడో తారీకున కొత్తగా చేరితే ఇక గుంజ మూడే. అన్ని నెలల్లోనూ ఉండే తారీకు, చేతిలో డబ్బుండే తారీకు. కానీ ఈయన పంచాంగం తిరగేస్తున్నారు, మూడున దుర్ముహూర్తం ఎప్పుడో చూసి, అది తప్పించి చేరతారట! నవ్వకండి, మొన్న మీ వారు కొత్త ఫ్రిజ్జుకి కొబ్బరికాయ కొట్టలేదూ?

అదిగో, పాలబ్బాయి సైకిలు బెల్లు. రేపూ ఎల్లుండీ అన్నవరం వెళుతున్నాం, నాగా చెప్పాలి. ఆ గిన్నె మాట మర్చిపోకండేం.