ఆ పసుపు లైటు

కిందటేడాది డిసెంబరు మొదటివారంలో ఓ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొస్తుంటే నా కారు డ్యాష్‌బోర్డు మీద చిన్న పసుపు లైటు వెలిగింది. ఇంజిన్ బొమ్మ ఉండే లైటు. 'చెక్ ఇంజిన్' లైటు అంటారు దాన్ని. నా గుండె గుభేల్‌మంది. ఎందుకంటే మరో ఆరువారాల్లో కారుని స్మాగ్ పరీక్షకి తీసుకెళ్లాలి. ఆ లైటు వెలుగుతూ ఉంటే పరీక్ష పాసవదు. అది పాసవకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు.

మేముండేది కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో. నాది 2004 మోడల్ సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. రెండు లీటర్ల టర్బో ఇంజిన్, 227 హార్స్‌పవర్. ఇంజినీరింగ్ హాస్టల్లో మా గదిలో నలుగురం ఒకే కంప్యూటర్ మీద ర్యాలీ గేమ్ ఆడేవాళ్లం. నీలం రంగు సుబారు నాకే కావాలని రోజూ గొడవ. 1995లో కోలిన్ మెక్‌రే ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచింది సుబారు ఇంప్రెజాతోనే అని పరీక్షల కంటే శ్రద్ధగా చదువుకున్నాను. ఉద్యోగం వచ్చి, అప్పులు తీరాక సెకండ్ హ్యాండ్‌లో ఈ కారు కొన్నాను. రంగు మాత్రం నీలం కాదు, వెండి. అయినా ప్రాణం.

"ఇంత పాత కారు ఎందుకురా, కొత్తది కొనుక్కోవచ్చుగా" అన్నారు అందరూ. నాన్న మాత్రం అనలేదు. ఆయన తెనాలిలో ఆర్టీసీ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. "పాత బండి అయితే చెప్పి మరీ చెడిపోతుంది. మనం వినాలంతే" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు.

ఇంతకీ ఈ స్మాగ్ పరీక్ష గోలేంటంటే... 1940ల నుంచి లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే పొగమంచు కమ్మేది. వాహనాల పొగలోని వాయువులు ఎండకి రసాయనచర్య జరిపి ఆ మంటకి కారణమవుతున్నాయని హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల మొదట్లో తేల్చారు. ఆ తర్వాత కాలిఫోర్నియా ఈ విషయంలో అమెరికాలో అందరికంటే ముందు నడిచింది. ఇప్పుడు నాలాంటి పాత పెట్రోలు కారుకి రెండేళ్లకోసారి పరీక్ష. మన దగ్గర రోడ్డు పక్క వ్యానులో పొగగొట్టానికి పైపు పెట్టి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇస్తారు కదా, ఇక్కడ 2000 మోడల్ నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి అలా పైపు పెట్టరు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి వైరు తగిలించి కారు కంప్యూటర్నే అడుగుతారు, 'నీకేమైనా ఇబ్బందుందా?' అని. బోనెట్ ఎత్తి ఏ భాగాన్నైనా మార్చేశామేమో కూడా చూస్తారు.

పాతిక డాలర్ల బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని నేనూ అడిగాను. వచ్చిన జవాబు పి0420. అంటే, కేటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేస్తున్నట్టు లేదని కంప్యూటర్‌కి అనుమానం.

కన్వర్టర్ సంగతి మా ఇంటి నీళ్ల ట్యాంకుతో చెబితే తేలిక. తెనాలిలో మునిసిపల్ కొళాయి ఓ గంట వస్తుంది, మిగతా రోజంతా రాదు. అయినా వంటింట్లో కొళాయి తిప్పితే ఎప్పుడూ ఒకేలా నీళ్లు. మధ్యలో ట్యాంకు ఉంది కాబట్టి. కన్వర్టర్ కూడా అంతే. ఇంజిన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఓ క్షణం ఎక్కువ, ఓ క్షణం తక్కువ. ఎక్కువైనప్పుడు దాచుకుని, తక్కువైనప్పుడు వాడుకుంటుంది. అలా కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని పెట్రోలు ఆవిరినీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ హాని తక్కువ వాయువులుగా మారుస్తుంది. దానికి ముందొక సెన్సర్, వెనకొక సెన్సర్. ముందుది ఇంజిన్‌కి ఎంత పెట్రోలు కావాలో చెబుతుంది. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి ఉందా లేదా అన్నది దాని లెక్క. వెనకది ట్యాంకు తర్వాతి కొళాయి లాంటిది. దాని వోల్టేజి నిలకడగా ఉంటే కన్వర్టర్ బాగున్నట్టు. అది కూడా 0.1 నుంచి 0.9 దాకా పైకీ కిందకీ ఊగిపోతుంటే ట్యాంకు ఉన్నా లేనట్టే.

నాది ఊగుతోంది.

విడిభాగాల షాపులో అడిగితే "వెనక సెన్సర్ పోయుంటుంది, మార్చెయ్" అన్నారు. తొంభై డాలర్లు పెట్టి కొన్నాను. ఓ ఆదివారం మధ్యాహ్నమంతా కారు కింద పడుకుని, తుప్పు పట్టిన పాత సెన్సర్‌ని ఊడబెరికి కొత్తది బిగించాను. మోచేతి దగ్గర కాలింది కూడా. స్కానర్‌తో కోడ్ చెరిపేశాను. లైటు ఆరింది. విజయగర్వంతో ఫొటో తీసి కాలేజీ గ్రూపులో పెట్టాను.

పది రోజులకి మళ్లీ వెలిగింది. అదే పి0420.

తర్వాత తెలిసింది నా తప్పేంటో. ఆ కోడ్ 'సెన్సర్ పాడైంది' అనలేదు. సెన్సర్ చూసింది చెప్పింది, అంతే. సాక్షి చెప్పిన మాట నచ్చక నేను సాక్షినే మార్చాను. కొత్త సాక్షీ అదే మాట చెప్పాడు.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరుగుతోంది. నేనే పట్టించుకోలేదు. మా ఆవిడకి అప్పుడు ఐదో నెల. పొద్దున్నే తనని ఆఫీసు దగ్గర దింపి నేను వెళ్లేవాణ్ని. చలి కదా, హీటర్ వేసేవాణ్ని. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, "ఏదో పొగ వాసన వస్తోంది, అద్దం దించు" అనేది. నాకేమో వాసన తెలిసేది కాదు. "ఈ టైంలో నీకు పోపు వాసన కూడా పడట్లేదు కదా" అని నవ్వేసేవాణ్ని. ఆఫీసుకి వెళ్లేసరికి తలనొప్పిగా ఉంటోందని రెండుసార్లు చెప్పింది. నిద్ర చాలట్లేదేమో అన్నాను.

పరీక్షకి మూడు వారాలే ఉంది. కొత్త కన్వర్టర్ వేయిద్దామంటే కాలిఫోర్నియా ఆమోదించినదే వేయాలి. దాని ధర చూసి కళ్లు తిరిగాయి. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటివి ఉంటాయి మరి అందులో. అప్పుడే ఆఫీసులో కార్ల పిచ్చి ఉన్న మిత్రుడొకడు ఉపాయం చెప్పాడు. పదిహేను డాలర్లకి చిన్న లోహపు ముక్క దొరుకుతుంది. వెనక సెన్సర్‌కీ గొట్టానికీ మధ్యలో బిగిస్తే సెన్సర్ పొగలోంచి కాస్త బయటికి జరుగుతుంది. దానికి పొగ సరిగా తగలదు. వోల్టేజి నిలకడగా కనిపిస్తుంది. లైటు వెలగదు.

చట్టం ప్రకారం అది తప్పని నాకు తెలుసు. అయినా ఆర్డర్ పెట్టాను. అబద్ధమెందుకు, పెట్టాను. ఆఫీసులో నా పనే సర్వర్లని కనిపెట్టుకుని ఉండటం. ఒకే అలర్ట్ పదేపదే మోగుతుంటే విసుగొచ్చి మ్యూట్ చేసేవాళ్లని నేనే తిడతాను. ఇంట్లో మాత్రం అదే పని చేయబోయాను.

ఆ ముక్క పోస్టులో రావడానికి ముందు ఆదివారం పొద్దున నాన్న వీడియో కాల్ చేశారు. నేను పార్కింగ్‌లో ఉన్నాను. కారు అప్పుడే స్టార్ట్ చేశాను. పలకరింపులు అవకుండానే, "ఏరా, ఆ టకటక ఏంటి?" అన్నారు.

"సుబారు ఇంజిన్ అలాగే ఉంటుంది నాన్నా, బాక్సర్ ఇంజిన్."

"బాక్సర్‌ అయితే ఏంటి, లేలాండ్ అయితే ఏంటి. ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టు."

పెట్టాను. ఓ నిమిషం విన్నారు. ఇంజిన్ వేడెక్కుతుంటే శబ్దం తగ్గిపోయింది. "అదిగో, వేడికి లోహం సాగి సందు మూసుకుంది. నీ లైటు సంగతి నాకు తెలీదు కానీ, ఎగ్జాస్ట్ గాస్కెట్ పోయిందిరా. పొగ బయటికొస్తోంది. మేం బస్సులకి అగరొత్తి పెట్టి చూసేవాళ్లం. నీది పెట్రోలు బండి, నిప్పు దగ్గరికి తేకు. రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, జాయింటు మీద సబ్బునీళ్లు కొట్టు."

మర్నాడు పొద్దున్నే గిన్నెలు తోమే సోపు నీళ్లలో కలిపి స్ప్రే కొట్టాను. ఇంజిన్‌కీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ మధ్య జాయింటు దగ్గర నురగ బుసబుసా పొంగింది. టార్చి వేసి చూస్తే చుట్టూ నల్లటి మసి చార. అది ఎన్నాళ్లనుంచో అక్కడే ఉంది. నేను చూడలేదు.

స్కానర్‌లో ఇంకో అంకె ఉంటుంది, ఫ్యూయల్ ట్రిమ్ అని. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు కంటే కంప్యూటర్ ఎంత ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే శాతం. సున్నాకి అటూ ఇటూ ఐదు లోపు ఉంటే మంచిది. నాది ఆగి ఉన్నప్పుడు 14, హైవే మీద 4. అప్పుడు అర్థమైంది మొత్తం కథ. ఆ సందులోంచి పొగ బయటికి రావడమే కాదు, పొగ తోపుకీ తోపుకీ మధ్య బయటి గాలి లోపలికీ వెళ్తోంది. ముందు సెన్సర్ ఆ గాలిని చూసి 'ఆక్సిజన్ ఎక్కువగా ఉంది' అంటోంది. అది నిజమే. కంప్యూటర్ ఆ మాట నమ్మి అక్కర్లేని పెట్రోలు పోస్తోంది. ఆ గాలీ ఆ పెట్రోలూ కలిసి కన్వర్టర్ మీద పడుతున్నాయి. వెనక సెన్సర్ దాన్ని చూసి లైటు వెలిగిస్తోంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

దగ్గర్లోని చిన్న షెడ్డుకి తీసుకెళ్లాను. పెద్దాయన, మాటలు తక్కువ. కారు పైకెత్తి చూసి, "లోపల పొగ వాసన వస్తోందా?" అని అడిగాడు. నాకు రాలేదు, మా ఆవిడకి వస్తోందన్నాను. అద్దం ముందు, వైపర్ల దగ్గరున్న జాలీ చూపించాడు. హీటర్‌కి గాలి వెళ్లేది అక్కడినుంచే. కారు ఆగి ఉన్నప్పుడు బోనెట్ కింద పోగైన పొగ అటునుంచి లోపలికి పోతుంది. కదులుతున్నప్పుడు గాలి తోసేస్తుంది కాబట్టి తెలీదు. సిగ్నల్ దగ్గరే ఎందుకు వాసన వచ్చేదో అప్పుడు తెలిసింది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తను పసిగట్టింది దానితో పాటు వచ్చే మిగతా వాయువుల్ని.

ఆ పెద్దాయన అంతకు మించి ఏమీ అనలేదు. నాకే కాళ్లలో బలం పోయినట్టయింది. ఆ పదిహేను డాలర్ల ముక్క ముందే వచ్చి ఉంటే బిగించేసేవాణ్ని. లైటు ఆరిపోయేది. పరీక్షలో ఎవరి కంటా పడకపోతే పాసయ్యేది కూడా. రోజూ పొద్దున్నే హీటర్ వేసి, కడుపులో బిడ్డతో ఉన్న మనిషిని అదే సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేవాణ్ని.

ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. రక్తపరీక్ష చేసి, ఇబ్బందేమీ లేదన్నారు. ఇంటికొచ్చేదాకా మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చివరికి ఒక్కటే అంది. "నేను చెప్పినప్పుడు కనీసం బోనెట్ ఎత్తి చూడాల్సింది." నా దగ్గర జవాబు లేదు.

గాస్కెట్ ఖరీదు తక్కువే. తుప్పు పట్టిన బోల్టులు తీయడానికే కూలీ ఎక్కువైంది. బాగుచేశాక కోడ్ చెరిపితే సరిపోదు. చెరిపినప్పుడు కారు తనని తాను చేసుకునే పరీక్షల రికార్డు కూడా పోతుంది. వాటిని మానిటర్లు అంటారు. అవి మళ్లీ పూర్తయ్యేదాకా స్మాగ్ పరీక్షలో పాసవదు. నాలాంటి పెట్రోలు కారుకి ఒక్క ఇవాప్ మానిటర్‌కే, అంటే పెట్రోలు ఆవిరికి సంబంధించినదానికే, మినహాయింపు. లైటు చెరిపేసి నేరుగా పరీక్షకి వచ్చేవాళ్లని ఆపడానికే ఈ ఏర్పాటు. వారం రోజులు ఒక్కణ్నే తిప్పాను. కాసేపు ఊళ్లో, కాసేపు హైవే మీద ఒకే వేగంతో. ఫ్యూయల్ ట్రిమ్ 3కి దిగింది. వెనక సెన్సర్ వోల్టేజి 0.7 దగ్గర నిలబడింది. పరీక్ష పాసైంది. లోహపు ముక్క పోస్టులో వచ్చిన కవర్‌లోనే చెత్తబుట్టలోకి వెళ్లింది.

పాత కారు మీద మోజున్నవాళ్లకి నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. లైటు వెలిగితే ఏదీ కొనకముందు కోడ్‌తో పాటు ఫ్యూయల్ ట్రిమ్ కూడా రాసుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదటి నిమిషం రేడియో ఆపి వినండి. లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్‌ని దాని కోసమే అమ్మే స్ప్రేతో తప్ప తుడవకండి, సన్నటి తీగ తెగిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్ దగ్గర్లో మామూలు సిలికాన్ గమ్ము వాడితే దాని ఆవిరికి సెన్సరే పాడవుతుంది. కారులో పొగ వాసన వస్తే మాత్రం ఇవేవీ కాదు, ముందు బండి ఆపి దిగండి.

నా కన్వర్టర్ ఇరవయ్యేళ్లది. ఎప్పుడో ఒకప్పుడు అది నిజంగానే పోతుంది. అప్పుడు డబ్బు పెట్టాల్సిందే. పాప పుట్టాక వెనక సీట్లో దాని కుర్చీ బిగించాం. నాన్న ఫోన్ చేస్తే మనవరాలి గురించి అడిగాక, "టకటక వస్తోందా?" అని తప్పకుండా అడుగుతారు.

మొన్నామధ్య మా ఆవిడ కారెక్కగానే "ఏదో వాసన" అంది. నేను మారు మాట్లాడకుండా ఇంజిన్ ఆపి, పాపని దింపి, నాలుగు తలుపులూ తీసి, బోనెట్ ఎత్తాను. అంతా వెతికి వెతికి తీరా చూస్తే, డిక్కీలో స్నేహితులిచ్చిన ఆవకాయ సీసా మూత ఊడి ఉంది.