గాబ్లిన్ పెళ్ళికూతురు: నచ్చినవీ, నచ్చనివీ

మీలో కొరియన్ సీరియల్స్ చూసేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో ‘గాబ్లిన్’ పేరు విననివాళ్ళు ఉండరనుకుంటాను. 2016 డిసెంబరులో మొదలై 2017 జనవరిలో అయిపోయిన సీరియల్ ఇది. మొత్తం 16 ఎపిసోడ్లు. టీవీఎన్ అనే కేబుల్ ఛానల్లో వచ్చి, చివరి ఎపిసోడ్‌కి 20 శాతం రేటింగ్ దాటింది. కేబుల్ ఛానల్‌కి అది అప్పట్లో చాలా పెద్ద సంగతి. రాసింది కిమ్ ఉన్-సుక్ అనే రచయిత్రి.

ఈమధ్య మా అమ్మాయీ నేనూ కూర్చుని మొత్తం చూశాం. చూశాక మొదలైన వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. అందుకే మీ ముందు పెడుతున్నా. కథంతా చెప్పేస్తాను కాబట్టి, చూడాలనుకునేవాళ్ళు చూసొచ్చి చదవండి.

గొర్యో రాజుల కాలంలో కిమ్ షిన్ ఒక సేనాని. యుద్ధాలు గెలిచి వస్తుంటే జనం అతన్నే నెత్తిన పెట్టుకుంటున్నారని కుర్ర రాజుకి కంటగింపు. పక్కనే చెవిలో విషం ఊదేవాడు ఒకడు. రాజాజ్ఞతో సేనాని, ఆ రాజుకే రాణి అయిన అతని చెల్లెలు, ఇంటిల్లిపాదీ ప్రాణాలు పోగొట్టుకుంటారు. దేవుడు అతన్ని మళ్ళీ లేపుతాడు, కానీ గుండెలో దిగిన కత్తి అలాగే ఉంటుంది. 939 ఏళ్ళ వయసొచ్చినా చావు లేదు. ఆ కత్తి కంటికి కనపడేదీ, దాన్ని లాగగలిగేదీ అతని పెళ్ళికూతురికి మాత్రమే. లాగితే అతనికి విముక్తి, అంటే మాయమైపోవడం. ఆ పెళ్ళికూతురు ఉన్-తాక్, స్కూలు చివరి సంవత్సరం చదువుతున్న తల్లి లేని పిల్ల.

గాబ్లిన్ అనగానే ఇంగ్లీషు పిల్లల కథల్లో మరుగుజ్జు దయ్యం గుర్తొస్తుంది. కొరియావాళ్ళ దొక్కెబి అది కాదు. వాళ్ళ జానపద కథల్లో అది పాత చీపురుకట్టలాంటి వాడి పారేసిన వస్తువుల్లోంచి పుడుతుంది. కుస్తీ పట్లంటే ఇష్టం, అల్లరి ఎక్కువ. ఈ సీరియల్లో మాత్రం గోంగ్ యూ రూపంలో వచ్చింది. చీపురుకట్టల్లోంచి ఇలాంటివాళ్ళు వస్తారని ముందే తెలిస్తే ఇల్లూడవడానికి నాకు ఒక్కరోజూ బద్ధకం ఉండేది కాదు!

ఇక నచ్చినవి. అన్నిటికన్నా ముందు ఆ ఇల్లు. గాబ్లిన్, అతనింట్లో అద్దెకి దిగిన యమదూత, ఇద్దరూ ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర. ఒకడికి మాంసం, ఇంకొకడికి ఆకుకూరలు. తోడికోడళ్ళు కూడా అంత పోట్లాడుకోరు. ఒక రాత్రి చీకట్లో పొగమంచులోంచి ఇద్దరూ హీరోల్లా నడిచొచ్చి ఆ పిల్లని కాపాడతారు కదా, తర్వాత ఇంకోసారి అదే నడక, అదే పొగమంచు, చేతుల్లో మాత్రం ఉల్లికాడల సంచులు! మావారు పేపరు పక్కన పెట్టి మరీ నవ్వారు. తొమ్మిదేళ్ళకే తల్లిని పోగొట్టుకుని, పిన్ని ఇంట్లో తిట్లు తింటూ పెరిగిన పిల్లకి ఆ వింత ఇంట్లో ఒక ముద్ద ప్రేమగా దొరకడం చూస్తే ఎవరికైనా మనసు నిండుతుంది.

రెండోది, స్కూలు ఆఖరి రోజు. అందరి తల్లులూ పూలతో వస్తారు, ఈ పిల్లకి ఎవరూ లేరు. అప్పుడు పిల్లల్ని ప్రసాదించే దేవత, సామ్‌షిన్, ఎర్రటి సూటులో వచ్చి పత్తి పూల గుత్తి ఇచ్చి కౌగిలించుకుంటుంది. పిల్లని ఏడిపించిన టీచరమ్మ వైపు తిరిగి, ఇంకొంచెం మంచి టీచరువి కాలేకపోయావా అన్నట్టు ఒక్క మాట అంటుంది. నాకు గొంతు పట్టేసింది.

మూడోది యమదూత టీ గది. చనిపోయినవాళ్ళు అక్కడికొస్తే ఒక కప్పు టీ ఇస్తాడు. తాగితే బతికిన బతుకంతా మరచిపోతారు. పాపం చేసినవాళ్ళకి ఆ టీ దొరకదు, అన్నీ గుర్తుండటమే శిక్ష. మా అత్తగారికి మూడేళ్ళుగా మతిమరుపు. నన్ను ఒకరోజు వాళ్ళ అక్క పేరుతో పిలుస్తారు, ఒకరోజు ‘ఎవరమ్మా నువ్వు’ అంటారు. కోడలిగా ఆవిడ పడ్డ కష్టాలన్నీ మరచిపోయి పాపాయిలా నవ్వుతారు, ఆ నవ్వు చూస్తే మరపు వరమే అనిపిస్తుంది. కానీ మనవరాలి పేరు కూడా ఆ కప్పులోనే పోయింది. ఉన్-తాక్ చనిపోయాక ఆ టీ వద్దంటుంది, గుర్తుపెట్టుకునే వెళ్తానంటుంది. దయ్యాల కథ అనుకుని కూర్చున్న నాకు అది మా ఇంటి కథలా తగిలింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. విలన్ ఎంత హడావుడిగా వచ్చాడో అంత హడావుడిగా పోయాడు. మధ్యలో కథ సాగుతుంది. శాండ్‌విచ్ నుంచి ఫ్రైడ్ చికెన్ దాకా కథలో దూర్చిన ప్రకటనలు కళ్ళకి అడ్డం పడతాయి. ఇవి పెద్ద బాధలు కావు.

పెద్ద బాధ మొదటిది వయసు. ఆ పిల్లకి 19, అదీ కొరియావాళ్ళ లెక్కలో. అతన్ని పిలిచేది ‘అజ్జుషీ’ అని, అంటే మన ‘అంకుల్’ లాంటి పిలుపు. నటుల మధ్య తేడా 12 ఏళ్ళే, కానీ స్కూలు యూనిఫారంలో ఉన్న పిల్ల వెనక పెద్దమనిషి కోరికగా నిలబడితే ఆడపిల్ల తల్లికి ఎలా ఉంటుంది? తొమ్మిదేళ్ళు దాటించి, ఆమెని రేడియోలో ఉద్యోగం చేసే 29 ఏళ్ళ మనిషిని చేశాక నాకు ఊపిరాడింది.

రెండోది ఇంకా పెద్దది. ఆ పిల్ల పుట్టుకకి కారణమే వేరొకరి గుండెలో కత్తి. లాగితే ప్రేమించినవాడు పోతాడు, లాగకపోతే మృత్యువు తనని వెంటాడుతుంది. ఏ దారి పట్టినా నష్టం ఆ పిల్లకే. చివరికి పెళ్ళయిన కొద్ది రోజులకే, బ్రేకులు లేని లారీ చిన్నపిల్లల బస్సు మీదకి వస్తుంటే తన కారు అడ్డం పెట్టి చనిపోతుంది. త్యాగం ఆడదానికే ఎందుకు రాసిపెట్టి ఉంటుంది అని నా కోపం.

ఇక్కడే మా అమ్మాయి ఒప్పుకోదు. ‘అమ్మా, అప్పటిదాకా అన్నీ దేవుడు రాసినవే. ఆ ఒక్కటీ ఎవరూ రాయలేదు. యమదూత దగ్గర ఆమె పేరుతో కార్డు కూడా రాలేదు కదా! అది ఆమె సొంతంగా తీసుకున్న నిర్ణయం’ అంటుంది. మాట నిజమే. కానీ చిన్నప్పటినుంచీ ఇవ్వడమే నేర్పితే, చివర్లో ఇచ్చింది సొంత నిర్ణయమో అలవాటో ఎలా చెప్తాం? అదే అన్నాను. ‘చూడు తల్లీ, ఎవరి గుండెలో కత్తి తీయడానికీ నువ్వు పుట్టలేదు, అది గుర్తుపెట్టుకో’ అని కూడా అన్నాను.

‘సరేలే. మరి నాన్నమ్మ దగ్గర రాత్రంతా మేలుకునేది నువ్వొక్కదానివే ఎందుకు? అది నిర్ణయమా, అలవాటా?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. మావారు మాత్రం విన్నారు. ఆ వారం నుంచి శని, ఆదివారాల రాత్రులు అత్తగారి గదిలో పడుకునేది ఆయనే.

చూడండి, బాగుంటుంది. ఇంట్లో ఆడపిల్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చూశాక మీరు నా పక్షమో, మా అమ్మాయి పక్షమో చెప్పండి.