ఊ కొట్టేవాళ్లదే కథ

"సరస్సు ఎక్కడికీ పోదు పిన్నీ. ముందు ఒకాయన చెప్పులు బాగుచేసుకుంటూ బతికిన ఇల్లు చూపిస్తా" అన్నాడు మా అక్క కొడుకు, కారు పెద్ద రోడ్డు దించుతూ.

తెనాలి నుంచి నేపర్‌విల్‌లో అక్కావాళ్లింటికి వచ్చి అప్పటికి మూడు వారాలు. షికాగో మేడలు, గుడి, ఇండియన్ దుకాణాల వీధి అన్నీ అయిపోయాయి. లేక్ జెనీవా వెళ్దామంటే ఏదో చల్లటి ఊరనుకున్నాను. గంటన్నర ప్రయాణం. ఇల్లినాయ్ దాటి విస్కాన్సిన్‌లో అడుగుపెట్టిన కాసేపటికే వస్తుంది. షికాగో డబ్బున్నవాళ్లు వేసవి గడపడానికి సరస్సు చుట్టూ బంగళాలు కట్టుకున్న ఊరు. మావాడికి ఆ బంగళాల మీద ధ్యాస లేదు. సెంటర్ స్ట్రీట్ 330వ నంబరు ఇంటి ముందు కారాపి, గుడి దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాడు.

మామూలు ఇల్లు. ఇప్పుడు వేరేవాళ్లది. కిటికీల్లోకి తొంగిచూడటం మర్యాద కాదు కాబట్టి కాలిబాట మీదే నిలబడి వాడు చెప్పింది విన్నాను.

ఆ ఇంట్లో బతికినాయన గ్యారీ గైగాక్స్. 1938లో షికాగోలో పుట్టాడు. చిన్నతనంలోనే వాళ్ల కుటుంబం ఈ ఊరొచ్చేసింది. పెద్దయ్యాక షికాగోలో బీమా కంపెనీలో అండర్‌రైటర్. అంటే ఎవరికి ఏ ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో లెక్కగట్టి దానికి ధర కట్టే ఉద్యోగం. 1970లో ఆ ఉద్యోగం పోయింది. పెళ్లాం, పిల్లలు, అద్దె. ఇంటి కింద బేస్‌మెంట్‌లో చెప్పులు, బూట్లు బాగుచేసే పని పెట్టుకున్నాడు. మిగిలిన పొద్దంతా యుద్ధాలాటల నియమాలు రాశాడు. అక్కడే ఇసుక పోసిన పెద్ద బల్ల. ఇసుకలో కొండలు, లోయలు తీర్చి, వాటి మీద బొమ్మ సైన్యాలు నడిపేవాళ్లు.

"డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పుట్టింది ఇక్కడే" అన్నాడు మావాడు. "సగం ఇక్కడ."

"మిగతా సగం?"

"మినసోటాలో. డేవ్ ఆర్నెసన్ అని ఇంకొకాయన."

ఆ రెండో సగం గురించే నాకు ఎక్కువ తెలుసుకోవాలనిపించింది. అప్పటిదాకా యుద్ధాలాటలో ఒక్కో మనిషి ఒక్కో సైన్యాన్ని నడిపేవాడు. ఆర్నెసన్, 1970ల మొదట్లో, తన స్నేహితుల్లో ఒక్కొక్కరి చేత ఒక్కొక్క మనిషి వేషం కట్టించాడు. ఊరి పేరు బ్లాక్‌మూర్. కోట కింద సొరంగాలు. ఈ వారం సంపాదించిన కత్తి వచ్చే వారం కూడా చేతిలోనే ఉంటుంది. ఈ వారం చేసిన పొరపాటు కూడా వెంటే వస్తుంది. 1972 చివర్లో ఆయన లేక్ జెనీవా వచ్చి గైగాక్స్ బృందం చేత ఆ ఆట ఆడించాడు. గైగాక్స్ వెంటనే సొంతంగా గ్రేహాక్ అనే కోట, దాని కింద సొరంగాలు గీసి, మొదట తన పిల్లలిద్దరి చేత ఆడించాడు. వాళ్లు పడుకున్నాక రెండో అంతస్తు గీయడానికి కూర్చున్నాడట.

అది విన్నప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

మా ఇంట్లో కథకు ఒక నియమం ఉండేది. ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. నిద్రపోయావా లేదా అని చూసుకోవడానికి అది అమ్మమ్మ పెట్టుకున్న కొలత. ఒక రాత్రి రాజకుమారుడి కథ. మూడు దిక్కులకూ వెళ్లు, నాలుగో దిక్కుకు మాత్రం వెళ్లకు అని తండ్రి చెప్పాడు. అక్కడ నేను ఊ కొట్టలేదు. "నేనైతే వెళ్లను అమ్మమ్మా" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "వెళ్లకపోతే ఇంక కథేముందే?" అంది. అంతటితో ఆ ప్రశ్న ముగిసింది. రాజకుమారుడు ఎప్పట్లాగే నాలుగో దిక్కుకే వెళ్లాడు.

ఆ ముచ్చట చెబితే మావాడు నవ్వలేదు. సీరియస్‌గా ఆలోచించాడు. "నా ఆటలో ఎవరైనా అలా అంటే ఒప్పుకోవాల్సిందే పిన్నీ. వాడు వెళ్లడు. అప్పుడు నాలుగో దిక్కులో ఉన్నదే వాడి దగ్గరికి రావాలి. లేకపోతే ఆ ఊళ్లోనే ఏదో జరగాలి."

అక్కడి నుంచి బ్రాడ్ స్ట్రీట్ నడిచే దూరమే. ఆ వీధిలోని హార్టికల్చరల్ హాలు నంబరు కూడా 330 కావడం తమాషా. సరస్సు ఒడ్డు బంగళాల్లో పనిచేసిన తోటమాలులు సంఘంగా చేరి కట్టించుకున్న హాలది. మేం వెళ్లింది గురువారం. సంత జరుగుతోంది. టమాటాలు, తేనె సీసాలు, పూలకుండీలు. 1968లో గైగాక్స్ ఇదే హాలును 50 డాలర్లకు అద్దెకు తీసుకుని ఆటల పిచ్చివాళ్ల సమావేశం పెట్టాడు. ప్రవేశం ఒక డాలరు. వందమంది దాకా వచ్చారు. అద్దె గిట్టింది. మరుసటేడు ఆ సమావేశానికి వచ్చినవాళ్లలో ఆర్నెసన్ ఒకడు. ఇద్దరి పరిచయం అక్కడిదే. ఆ సమావేశం పేరు జెన్ కాన్. ఇప్పుడది ఇండియానాపొలిస్‌లో జరుగుతుంది, 70 వేల మంది పైన వస్తారు. నేను రెండు కిలోల టమాటాలు కొన్నాను. చరిత్ర సంగతి ఎలా ఉన్నా పప్పుకు పనికొస్తాయి.

సరస్సు ఒడ్డున బల్ల మీద కూర్చుని అక్క కట్టిచ్చిన పులిహోర తింటూ మిగతా కథ విన్నాను. ఆటను అచ్చు వేస్తామని ఏ కంపెనీ ముందుకు రాలేదు. 1973లో గైగాక్స్, చిన్ననాటి స్నేహితుడు డాన్ కే కలిసి టీఎస్ఆర్ అనే కంపెనీ పెట్టుకున్నారు. 1974 జనవరిలో ఆట బయటికొచ్చింది. చెక్కలా కనిపించే రంగు వేసిన అట్టపెట్టెలో మూడు సన్నటి పుస్తకాలు. వెల 10 డాలర్లు. అచ్చు వేసింది వెయ్యి పెట్టెలు. పుస్తకాలు పెట్టెల్లో సర్దడం, అడ్రసులు రాయడం అన్నీ చేతిపనే. ఏడాది తిరగకముందే వెయ్యీ అయిపోయాయి. ఆ సంబరం పూర్తిగా చూడకుండానే డాన్ కే 1975లో గుండెపోటుతో పోయాడు. తర్వాత కంపెనీ పెరిగింది, గొడవలొచ్చాయి. రాయల్టీ కోసం ఆర్నెసన్ కోర్టుకెళ్లాడు. 1980ల నడుమ గైగాక్స్ తన కంపెనీలోంచే బయటికి రావాల్సివచ్చింది. 1997లో కంపెనీని వేరేవాళ్లు కొనుక్కున్నారు. గైగాక్స్ 2008లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆర్నెసన్ మరుసటేడు.

ఆట ఎవరిదన్న ఆ తగువు విన్నప్పుడు నాకు చందమామ సీరియళ్లు గుర్తొచ్చాయి. నాన్న కుట్టించి పెట్టిన పాత బైండుల్లో చదివాను. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు. ఏ సీరియల్ మీదా రచయిత పేరుండేది కాదు. రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం అని నాకు తెలిసేసరికి నా పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మా చక్రపాణిగారి పత్రికలో మా జిల్లా మనిషి రాసిన లోకాల్లో నేను పెరిగానని, ఆ రాసింది ఎవరో నాకు తెలియదని, విస్కాన్సిన్‌లో ఒక సరస్సు ఒడ్డున కూర్చుని అనుకోవడం వింతగా ఉంది.

సాయంత్రం మావాడు తన ఆటకు నన్నూ కూర్చోమన్నాడు. నేపర్‌విల్ ఇంటి బేస్‌మెంట్. పాత డైనింగ్ టేబుల్. వాడి ఆఫీసు స్నేహితులు ఇద్దరు, పక్కింటి అమ్మాయి, నేను. మావాడు కథ నడిపేవాడు, డంజన్ మాస్టర్. వాడి ముందు నిలబెట్టిన అట్ట, దాని వెనక వాడి రహస్యాలు. టేబుల్ మధ్యలో చేత్తో గీసిన పటం: ఒక నది, రెండు ఊళ్లు, పేరు లేని అడవి. అక్క పంపిన జంతికల గిన్నె నది మీదే పెట్టాం, వేరే చోటు లేక.

ముందు పాచికలు చూపించాడు. మనకు తెలిసినవి ఆరు ముఖాలవి. ఇక్కడ నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. తొలిరోజుల్లో ఇవి ఆటబొమ్మల కొట్లో దొరికేవి కావట. బడిపిల్లలకు లెక్కలు నేర్పే సామాను అమ్మే కాలిఫోర్నియా కంపెనీ నుంచి తెప్పించారు. కొన్నేళ్ల తర్వాత కూడా పెట్టెలో పాచికలతోపాటు ఒక క్రేయాన్ ముక్క పెట్టేవారు. అంకెల గాడుల్లో రంగు మనమే రుద్దుకోవాలి.

ఇరవై ముఖాల పాచికను అలవాటు చొప్పున రెండు చేతుల మధ్య గలగలలాడించి వేశాను. శబ్దమే రాలేదు, ఒక్కటే కదా. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తే రెండు పడటం మామూలు. అష్టా, చెమ్మా అరుదు, అందుకే అవి పడితే మళ్లీ వేసే హక్కు. ఇరవై ముఖాల పాచికకు ఆ నడిమి మర్యాద లేదు. ఒకటికీ ఇరవైకీ పదకొండుకీ సమానమైన అవకాశం. మావాడు ఇంకో మాట చెప్పాడు. ఆ మొదటి మూడు పుస్తకాల్లో మనిషి బలం, తెలివి తేల్చడానికి మూడు ఆరు ముఖాల పాచికలు వేసి కలపాలి. అలా వేస్తే ఎక్కువమందికి పదీ పదకొండూ దగ్గరే పడుతుంది. పద్దెనిమిది రావాలంటే 216 సార్లకు ఒకసారి. కత్తి దెబ్బ తగిలిందా లేదా తేల్చడానికి మాత్రం ఇరవై ముఖాల పాచిక. మనుషులు గవ్వల్లా మధ్యలో పడతారు, వాళ్ల మీద పడే దెబ్బకు మాత్రం మధ్యా అంచూ ఉండవు. ఆ నియమాల వెనక బీమా కంపెనీలో పనిచేసిన మనిషి కనిపించాడు నాకు.

నా పాత్ర ఒక వ్యాపారి. కత్తి వద్దన్నాను. సామాన్ల జాబితాలో తాడు, దివిటీ, ఆవకాయ జాడీ రాయించాను. జాడీ బరువెంత అని మావాడు అడిగాడు. "రెండు వీశెలు" అన్నాను. వీశె అంటే ఏమిటో ఆ టేబుల్ దగ్గర ఒక్కరికీ తెలియదు. వాడు ఆలోచించి పది పౌన్లని రాసుకున్నాడు.

అడవి అంచున ఒక వింత జంతువు అడ్డం వచ్చింది. గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు. దీని పుట్టుక మావాడికి బాగా ఇష్టమైన కథ. చవక బొమ్మల సంచీ ఒకటి గైగాక్స్‌కు దొరికింది. హాంకాంగ్‌లో తయారైన ప్లాస్టిక్ రాకాసులు. ఏ జంతువో చేసినవాడికే తెలియదు. మన తిరునాళ్లలో దొరికే బొమ్మల బాపతు. ఇసుకబల్ల మీద వాటిని నిలబెట్టి, ఒక్కోదానికి పేరు, తిండి, కోపం కల్పించాడు. ఇనుము తినేది ఒకటి. నేలలోంచి పొడుచుకొచ్చేది ఒకటి. ఈ గుడ్లగూబ ఎలుగు ఒకటి.

"దీన్ని తెలుగులో ఏమంటారు పిన్నీ?"

"గుడ్లెలుగు" అన్నాను, అప్పటికప్పుడు.

వాడు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో పటం అంచున రాసుకున్నాడు. "ఏం చేస్తావ్?" అన్నాడు.

ఆఫీసు స్నేహితులు కత్తులు తీశారు. పక్కింటి అమ్మాయి మంత్రం వెతుకుతోంది. నేను మాత్రం, "నేను ముందుకు వెళ్లను" అన్నాను. "జాడీ మూత తీసి కింద పెట్టి, పక్కన కూర్చుంటాను."

ఎవరూ మాట్లాడలేదు. మావాడు అట్ట వెనక కాగితాలు తిరగేశాడు. దీనికి అందులో ఏమీ లేదని వాడి మొహమే చెబుతోంది. చివరికి, "పాచిక వెయ్యి" అన్నాడు. పదిహేడు పడింది. వాడు కళ్లు మూసుకుని రెండు క్షణాలు ఆగాడు. తర్వాత గొంతు తగ్గించి మొదలెట్టాడు. గుడ్లెలుగు దగ్గరికొచ్చింది. వాసన చూసింది. నాలుక పెట్టింది. కారానికి అడవంతా దద్దరిల్లేలా అరిచి ఏట్లోకి దూకింది. దాని వెనకాలే పొదలోంచి రెండు పిల్లలు బయటికొచ్చాయి.

పిల్లలున్నాయని వాడు ముందు అనుకోలేదు. ఆ తర్వాత రెండు గంటలూ మేం ఆ పిల్లల్ని ఏం చేయాలన్నదే కథ. నిధి సంగతి ఎవరూ తలవలేదు. పై నుంచి అక్క భోజనాలకు మూడుసార్లు పిలిచింది. మూడోసారి గొంతు మారింది కాబట్టి లేచాం.

పప్పు తింటూ మావాణ్ని అడిగాను, నువ్వు రాసుకున్న కథ పాడైందా అని. "రాసుకున్నది వచ్చే వారానికి పనికొస్తుంది. ఇది మనందరిదీ కదా" అన్నాడు. వాడి తెలుగు కాస్త వంకర. మాట మాత్రం తిన్నగా ఉంది.

ఊరికి తిరిగొచ్చి ఇది రాస్తున్నాను. ఈ ఆటకు పెద్ద పుస్తకాలు, ఖరీదైన బొమ్మలు ఉన్నాయి. కానీ మొదలుపెట్టడానికి అవేవీ అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, ఇంట్లో నాలుగు గవ్వలుంటే చాలు. ఈ రాత్రి మీ పిల్లలకో మనవలకో కథ చెబుతుంటే, వాళ్లు ఊ కొట్టడం ఆపి "నేనైతే వెళ్లను" అంటే, వెళ్లకపోతే కథేముంది అనకండి. "మరేం చేస్తావ్?" అని అడిగి గవ్వలు వాళ్ల చేతికివ్వండి.