అమ్మమ్మ దాచుకున్న చీర

నవ్వకండి. కరోనా రోజుల్లో నాకు ధైర్యం నూరిపోసింది ఏ హీరోనో కాదు... తెనాలిలో ఉండే మా అమ్మమ్మ!

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే సినిమా హాళ్లు మూతపడ్డాయి. సినిమా కబుర్లు రాసుకుని బతికే నాకు పనిలేక అప్పుడే అమ్మమ్మ దగ్గరికి చేరాను. ఆవిడకు డెబ్బై ఆరు. అరవై దాటినవాళ్లు జాగ్రత్త అని టీవీలో రోజూ ఒకటే హెచ్చరిక. దాంతో నేను కాపలా పోలీసునైపోయాను. గడప దాటకు, ఎవరినీ రానివ్వకు! ఈ వయసులో ప్రాణం నిలిస్తే చాలు, ఇంకేం కావాలి అనుకున్నాను. అదీ నా తెలివి!

అమ్మమ్మ మాత్రం సాయంత్రం కాగానే వరండాలో కూర్చుని, వీధికి అవతల తన వరండాలో కూర్చున్న ఎదురింటి మామ్మగారితో గొంతెత్తి కబుర్లు. ఏం కబుర్లనుకున్నారు? 1957లో నేల టిక్కెట్టుకు 'మాయాబజార్' చూసిన ముచ్చట ఒకటైతే, హాళ్లు తెరిచాక ఏ సినిమాకు వెళ్లాలన్నవి పది! ఆ రోజుకోసం బీరువాలో మడత విప్పని వెంకటగిరి చీర కూడా దాచింది.

"ఇప్పుడు సినిమా ఏమిటి అమ్మమ్మా?" అంటే, "ఏదో ఒక రోజు కోసం ఎదురుచూడకపోతే ఈ బీపీ మాత్రలు ఎందుకురా మింగడం?" అంది.

సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. ఆ సాయంత్రం మాత్రం రెండు వరండాల్లోనూ మాటల్లేవు.

డిసెంబరులో సీటు విడిచి సీటు లెక్కన హాళ్లు తెరిచారు. "వెళ్దామా?" అన్నారిద్దరూ. టీకా రానివ్వండి అన్నాను. 2021 మార్చి 1న అరవై దాటినవాళ్లకు టీకాలు మొదలయ్యాయి. మొదటి డోసు వేయించుకున్నారు. ఇంతలోనే సెకండ్ వేవ్... మే నెలలో ఆస్పత్రికి వెళ్లిన ఎదురింటి మామ్మగారు తిరిగి రాలేదు.

నేను ఆపడం తప్పంటారా? కాదేమో. కానీ మీకేం కావాలని వాళ్లనొక్కసారైనా అడిగానా? మనకు వాయిదా అంటే ఇంకో శుక్రవారం. వాళ్లకు అలా కాదు. పెద్దవాళ్లకు మిగిలింది జ్ఞాపకాలే అనుకుంటాం గానీ, వాళ్లకూ 'రేపు' ఉంటుంది. మీ ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో అడిగి చూడండి.

జూలై చివర హాళ్లు మళ్లీ తెరిచాక, ఆగస్టులో ఓ రోజు అమ్మమ్మ తనే బీరువా తీసింది. ఆ చీర, మొహానికి మాస్కు... మ్యాట్నీకి వెళ్లాం. నిబంధన ప్రకారం మా ఇద్దరి మధ్యా ఒక సీటు ఖాళీ. అమ్మమ్మ తన చేతిసంచీ అందులో పెట్టింది. అది ఎవరి సీటో నేను అడగలేదు.

ఆట అయ్యాక మెట్లు దిగుతూ కళ్లు తుడుచుకుని అంది:

"ఒరేయ్, వచ్చే వారం ఏం రిలీజురా?"