పలుకని మైకు

మాట నోటినుండి వెడలినంతమాత్రమున అవతలివానిని చేరదు. నడుమ నున్న దారి సరిగా నుండవలెను. ఆ దారిలో చిన్న ఆటంకము కలిగినను పలుకువాడు మూగవానివలెను, వినువాడు చెవిటివానివలెను తోచుదురు. అట్టి సమయమున మనుష్యులు దారిని పరీక్షింపక ఒకరినొకరు నిందింతురు. కడప పట్టణమున ఒక బాలునకు ఈ సంగతి హెడ్‌సెట్టు మూలమున తెలియవచ్చెను.

ఆ బాలుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. అతని అన్న బెంగుళూరులో ఉద్యోగము చేయుచుండెను. ఉగాదికి ఇంటికి రాలేదని తమ్ముడు అన్నతో ఫోనులో పరుషముగా మాటలాడెను. పిమ్మట ఇద్దరికిని మాటలు తగ్గినవి. తుదకు అన్నయే ఒక ఉపాయము చెప్పెను: ఆదివారము రాత్రి ఒక గంటసేపు ఇద్దరును కంప్యూటరులో ఒకే జట్టుగా ఆట ఆడవలెను. శత్రువు ఎటు వచ్చుచున్నాడో నోటితో చెప్పుకొననిదే ఆ ఆటలో గెలుపు లేదు. అందుకై బాలుడు తాను కూడబెట్టిన సొమ్ముతో హెడ్‌సెట్టు కొనెను.

మొదటి ఆదివారము అన్న మాటలు తమ్మునికి చక్కగా వినబడినవి. తమ్ముని మాట ఒక్కటియు అన్నకు వినబడలేదు. "మైకు పనిచేయుట లేదు" అని బాలుడు తెరపై వ్రాసెను. "మాటలాడుట ఇష్టము లేనిచో అట్లే చెప్పుము" అని అన్న బదులు వ్రాసి ఆట విడిచి పోయెను.

మరునాడు బాలుడు కోపముతో అంగడికి పోయెను. అంగడివాడు హెడ్‌సెట్టును తన ఫోనునకు తగిలించి, మాటలాడి, ఆ మాటను తిరిగి వినిపించి, "వస్తువు బాగున్నది బాబూ" అనెను. బాలుడు నమ్మలేదు. "చెడిన సరకు అంటగట్టి మభ్యపెట్టుచున్నారు" అని పదిమందిలో కేకలు వేసి ఇంటికి వచ్చెను.

ఇంటిలో అతని జేజినాయన ఉండెను. కడపసీమలో తండ్రి తండ్రిని అట్లు పిలుతురు. ఆయన వయసులో నున్నపుడు మైకుసెట్టు అద్దెకిచ్చి జీవించెను. దేవుని కడప రథోత్సవమునకును, పెద్దదర్గా ఉరుసునకును, పెండ్లిండ్లకును గొట్టములు కట్టినవాడు. ఆయనకు కంప్యూటరు తెలియదు. కాని మైకు పలుకనపుడు ఏమి చేయవలెనో తెలియును.

"నాయనా, అంగడిలో పలికినదా?"

"ఫోనులో పలికినది, జేజినాయనా."

"అట్లయిన మైకు బాగుగనే యున్నది. చిక్కు దానికిని నీ యంత్రమునకును నడుమ నున్నది. ఒక్కొక్కటియే చూడుము. రెండింటిని ఒక్కసారి మార్చితివా, దోషమెక్కడిదో ఎన్నటికిని తెలియదు."

తీగమీది స్విచ్చి చూచిరి, సరిగానే యుండెను. తరువాత పిన్ను చూచిరి. దానిమీద మూడు నల్లని గీతలును, వాని నడుమ నాలుగు లోహభాగములును ఉండెను. రెండు భాగములు రెండు చెవులకు, ఒకటి అన్నిటికిని ఉమ్మడి, ఒకటి మైకునకు. కంప్యూటరునకో, వినుటకు ఆకుపచ్చ రంధ్రము, పలుకుటకు గులాబి రంధ్రము వేరువేరుగా నుండెను. బాలుడు పిన్నును ఆకుపచ్చ రంధ్రమున దూర్చెను. అందు మూడు భాగములకే చోటు. మైకుభాగము ఉమ్మడిభాగముతో కలిసిపోయి మూగవోయెను.

ఇట్టి చిన్న మైకును 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనువారు రూపొందించిరి. ఆ మరుసటి యేడు, 1963లో, కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసెను. మాటకు కదలు పలుచని పొర ఈ మైకులో నుండును. దాని పలుకును బయటికి పంపుటకు కొద్దిపాటి విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తు గులాబి రంధ్రము నుండియే వచ్చును.

ఒక పిన్నును రెండుగా చీల్చు చిన్న తీగ కావలసివచ్చెను. "మరియొక అంగడిలో కొందును" అని బాలుడు తలవంచుకొనెను.

"తీగ ఎక్కడనైన దొరకును. నీవు ఆ అంగడిలో విడిచి వచ్చిన మాటను మాత్రము అక్కడికే పోయి తీసికొనవలెను" అని జేజినాయన అనెను.

బాలుడు పోయెను. పదిమంది యుండగనే, "తప్పు నాది, మన్నింపుడు" అనెను. అంగడివాడు తీగ చేతికిచ్చి, "ఇది తగిలించినను పలుకనిచో, సెట్టింగులలో మైకునకు అనుమతి యున్నదో లేదో చూడుము" అని చెప్పెను.

ఆతడన్నట్లే అయ్యెను. తీగ తగిలించినను మైకు పలుకలేదు. ఈసారి బాలుడు ఎవరిని నిందింపలేదు. సెట్టింగులు తెరచి చూడగా అనుమతి నిలిపివేయబడి యుండెను. అనుమతి ఇచ్చెను; అయినను నిశ్శబ్దమే. మరల చూడగా కంప్యూటరు హెడ్‌సెట్టును విడిచి కెమెరాలోని మైకును వినుచుండెను. దానిని మార్చెను. జేజినాయన వంగి, పాత అలవాటు చొప్పున, "ఒకటి, రెండు, మూడు" అనెను. తెరపైని గీత ఎగిరి పడెను.

ఆదివారము రాత్రి అన్న ఆటలోనికి వచ్చెను. తమ్ముడు శత్రువు సంగతి ఎత్తలేదు. "అన్నా, ఉగాదినాడు అట్లు మాటలాడుట నా తప్పు" అనెను.

అవతలినుండి ఏమియు వినబడలేదు. బాలుడు తీగమీది స్విచ్చి తడిమి చూచుకొనెను.

"వినబడినదిరా" అనెను అన్న.